ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు

3వ తేదీ, సోమవారం

డిపోలో డ్రైవర్లందరికీ ఏటా ఊరికే ఇచ్చే డైరీ ఇది. ఇన్నేళ్ళూ మా ఆవిడ కుట్టుపని కొలతలు రాసుకోవడానికే పనికొచ్చింది. ఈసారి కూడా మొదటి పది పేజీలు ఎవరెవరివో నడుము కొలతలతో నిండిపోయాయి. ఇక నుంచి నాకు కావాలన్నాను. ఎందుకని అడిగింది. బండి రిపేర్లు రాసుకోవడానికని చెప్పాను.

పొద్దున మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, లోపల మనిషి ఉండగా ఆ తలుపు మూయడం నేను చూడలేదు. దానికి లోపల గడియ ఉందని కూడా తెలియదు.

"రేపట్నుంచి నీ బస్సు కంచె డ్యూటీకి. కండక్టర్ ఉండడు. ఇంట్లోగానీ టీ కొట్లోగానీ నోరు జారావంటే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ గోవిందా" అన్నాడు.

కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నోరు మూసుకోమన్నారు కానీ చేతులు కట్టుకోమనలేదు కదా. అందుకే రాస్తున్నాను.

సరిహద్దు కంచె దాటి వచ్చినవాళ్ళని మన ఊరి పాత ఆటల హాల్లో కూర్చోబెడతారు. వాళ్ళని అక్కడ ఎక్కించుకుని, నలభై నిమిషాలు నడిపి, మళ్ళీ కంచె దగ్గర దించాలి. అక్కడ గేటు తీసి అవతలికి పంపేస్తారు. కొత్త చట్టం ప్రకారం, ఇక్కడ ఉండనివ్వమని వాళ్ళిచ్చే అర్జీ ఎవరూ తీసుకోకూడదు. వచ్చిన రోజే వెనక్కి పోవాలి. అంతే పని. రాసి చూసుకుంటే చాలా చిన్న పనిలాగే ఉంది.

4వ తేదీ, మంగళవారం

రెండు ట్రిప్పులు. బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

6వ తేదీ, గురువారం

బావమరిది వచ్చాడు. కంచె దగ్గర జవాను వాడు. ఎడమ కన్ను మీద కట్టు ఉంది. అవతలి సైనికులు రోజూ మనవాళ్ళ కళ్ళలోకి ఏదో పచ్చ లైటు కొడుతున్నారట. కన్ను పోదు, ఓ నెల పడుతుందన్నారట డాక్టర్లు. మా ఆవిడ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"ఏరా, ఈ జనం ఎవరు అసలు?" అని అడిగాను.

"ఎక్కడెక్కడి వాళ్ళో బావా. పనిప్పిస్తామని అవతలివాళ్ళు విమానాలెక్కించి తెస్తున్నారు. లారీల్లో తెచ్చి, కుక్కల్ని ఉసిగొల్పి మన మీదికి తోలుతున్నారు. మనం అందర్నీ రానిస్తే రేపు పదివేల మందిని తోలతారు. రానివ్వకపోతే చూశారా ఎంత దుర్మార్గులో అని లోకమంతా చాటిస్తారు. ఎటు చూసినా మనకే దెబ్బ."

"మరి మనం వెనక్కి పంపినవాళ్ళు ఏమవుతారు?"

"వాళ్ళ కంచె, మన కంచె మధ్యలో రెండొందల గజాల పట్టీ ఉంది. అక్కడే ఉంటారు. అవతలివాళ్ళు మళ్ళీ లోపలికి రానివ్వరు." కంటి కట్టు సర్దుకుని, "నన్ను అడక్కు బావా. నేను కూడా నిద్రపోవాలి కదా" అన్నాడు.

వాడు వెళ్ళాక మా ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. కిందటి నెల చమురు ట్యాంకు మీద డ్రోను పడ్డప్పటి నుంచి, రాత్రిళ్ళు వెలుగు బయటికి కనబడకుండా ఊరందరికీ నల్ల తెరలే కావాలి. ఇల్లంతా నల్ల గుడ్డ. ఆకాశంలో మోటారుసైకిలు పోతున్నట్టు ఏదో చప్పుడైతే ఇద్దరం తలెత్తి పైకప్పు వైపు చూస్తున్నాం, అక్కడేదో కనబడుతుందన్నట్టు.

7వ తేదీ, శుక్రవారం

వరసగా రాస్తాను.

ఈ డ్యూటీలో ట్రిప్పుకో షీటు. దాంట్లో రెండు గళ్ళు: ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు. సిటీలో అయితే అది కండక్టర్ చూసుకుంటాడు. ఇక్కడ మధ్యలో దిగేవాడెవడూ ఉండడు కనుక హాలు దగ్గరే రెండు గళ్ళూ నింపేసి కింద సంతకం గీకేస్తాం. నేనొక్కడినే కాదు, ఈ డ్యూటీలో ఉన్న ముగ్గురు డ్రైవర్లమూ అంతే. కంచె దగ్గర ఈదురుగాలికి కాగితం నిలవదు. అక్కడి జవాను షీటు చూసి ముద్ర కొడతాడు, తలలు లెక్కపెట్టడు.

ఈ రోజు ఇరవై రెండు మంది. రెండు గళ్ళలోనూ ఇరవై రెండే వేశాను.

కంచె దగ్గర దింపుతుండగా అవతలి నుంచి ఢాం ఢాం అని ఏవో పేల్చారు. బాంబులో, ఉత్త టపాకాయలో తెలియదు. జవాన్లు అరుస్తూ జనాన్ని రెక్కలు పట్టి లాగేశారు. నేను తలుపు మూసి బండి వెనక్కి తిప్పేశాను. ఆ గోలలో ఏ చప్పుడూ తెలియలేదు.

డిపోలో బండి కడగబోయే ముందు సీట్ల కింద చూడటం అలవాటు. గొడుగులు, టిఫిను డబ్బాలు దొరుకుతుంటాయి. వెనక పొడుగు సీటు కింద, ఇంజను వేడి తగిలేచోట, ఒక ఆడపిల్ల ముడుచుకుని నిద్రపోతోంది. ఆరేళ్ళుంటాయేమో. ఎక్కేటప్పుడు చూసిన పిల్లే. తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కింది. తల్లి నాకంటే ఎత్తు, తలుపు దగ్గర వంగి ఎక్కింది.

పొద్దుపోకముందే రెండో బస్సు డిపోకి వచ్చేస్తుంది, ఎవరైనా చూస్తారు. మేనేజరు గది తాళం వేసి ఉంది. దాటివచ్చినవాళ్ళకి నీడ ఇస్తే అయిదేళ్ళ జైలని డిపో గోడ మీదే పెద్ద కాగితం అంటించి ఉంది. దాని ముందు నుంచే పిల్లని నా కోటులో చుట్టుకుని, బండి తుడిచే గుడ్డల మూట మోస్తున్నట్టు బయటికి నడిచాను. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏంటన్నా, ఉతుకులా?" అన్నాడు. ఊఁ అన్నాను.

మా ఆవిడ పిల్లని చూసింది, నన్ను చూసింది. వెళ్ళి పాలు వెచ్చబెట్టింది.

రేపు పొద్దున్నే మేనేజరుకి చెప్పేస్తాను.

8వ తేదీ, శనివారం

మేనేజరు సెలవు. సోమవారం చెప్తాను. కాగితం మీద ఉన్న పొరపాటు కాగితం మీదే సర్దుకోవచ్చు. అంత కంగారేం లేదు.

9వ తేదీ, ఆదివారం

పిల్ల మాట్లాడదు. పాలు తాగుతుంది, రొట్టె తింటుంది, మిషను కింద దూరి కూర్చుంటుంది. మిషను ఆగితే బెదిరిపోతోంది. అందుకని మా ఆవిడ ఉత్తినే తొక్కుతోంది. చిట్టి అని పిలుస్తోంది. నల్ల తెరల్లో మిగిలిన గుడ్డతో గౌను కుట్టింది. తెల్లదారంతో మెడ చుట్టూ పువ్వులు వేసింది, నలుపు కనబడకూడదని.

మధ్యాహ్నం వార్డు వాళ్ళు ఇంటింటికీ వచ్చారు. ఇంట్లో ఎందరున్నారో రాసుకుంటున్నారు. ఇద్దరమే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "లోపల మిషను ఆడుతోందే?" అన్నాడు ఒకడు. "మరి మీ ఇంటి తెరలు ఎవరు కుడతారనుకున్నారు?" అని మా ఆవిడ లోపలి నుంచే కేకేసింది. నవ్వి వెళ్ళిపోయారు. తలుపు మూశాక అక్కడే గచ్చు మీద కూలబడ్డాను.

"రేపు చెప్పేస్తా" అన్నాను.

"చెప్తే ఏం చేస్తారు?"

"తల్లి దగ్గరికి పంపుతారు."

"ఆ పట్టీలోకేనా? ఈ చలిలోనా? ఈ పిల్లనా?" అంది. నేను లేచి తలుపు గడియ మళ్ళీ చూసుకున్నాను.

10వ తేదీ, సోమవారం

ట్రిప్పులో ఎనిమిది మందే. దిగేటప్పుడు చూశాను. కంచె అవతల ఆ ఎత్తు మనిషి తీగ పట్టుకుని నిలబడింది. చెయ్యి నడుము దగ్గర పెట్టి ఇంత ఎత్తు, ఇంత ఎత్తు అని జవాన్లకి చూపిస్తోంది. ఏదో పేరు పిలుస్తోంది. గాలికి సరిగ్గా వినపడలేదు.

కన్ను బాగయ్యేదాకా బావమరిదికి అక్కడి గుడారంలో బల్ల పని ఇచ్చారు. వాడే చెప్పాడు, "మూడు రోజులుగా ఇదే గోల బావా. పిల్ల బస్సులో ఉండిపోయిందంటోంది. మా ఆఫీసరు నీ షీటు తీసి చూపించాడు. ఎక్కింది ఇరవై రెండు, దిగింది ఇరవై రెండు, డ్రైవరు సంతకం ఉంది కదా అన్నాడు. పట్టీలో ఎక్కడో తప్పిపోయి ఉంటుంది పాపం."

బండి తీస్తుంటే నా కాలు క్లచ్చి మీద తడబడింది. ఇరవై ఆరేళ్ళలో బండి ఎప్పుడూ అలా ఆగిపోలేదు.

మేనేజరు గదిలో ఎవరో ఉన్నారు. రేపు చెప్తాను.

11వ తేదీ, మంగళవారం

ఆమె ఇవాళ జవాన్లని ఏమీ అడగలేదు. నన్నే చూసింది. బండి తిప్పేంతసేపూ చూసింది. తీగ ఇవతల అద్దం, అద్దం వెనక నేను. అయినా తల దించుకున్నాను. నాకు తెలుసని ఆమెకి తెలిసిపోయిందా? అదెలా తెలుస్తుంది? తెలియదు.

12వ తేదీ, బుధవారం

చెప్పలేదు. వాన.

13వ తేదీ, గురువారం

డిపోకి ఒక లాయరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, బూట్ల నిండా బురద. ఆ తల్లితో ఎవరిదో ఫోనులో మాట్లాడిందట. కోర్టులో అర్జీ వేసింది. పిల్ల ఈ దేశంలోనే ఉందని తేలితే తల్లిని లోపలికి రానివ్వక తప్పదట. దానికి కొత్త చట్టం కూడా అడ్డు రాదట.

"మీ షీటొక్కటే అడ్డం అండీ. మీరు నిజం చెప్తే చాలు. సోమవారం హియరింగ్" అంది.

"నాకేం తెలుసమ్మా, రాసింది రాసినట్టే" అన్నాను.

ఆమె నన్ను బలవంతపెట్టలేదు. "ఆవిడ ఆరు రోజులుగా తడి నేల మీద ఉందండీ" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

తరవాత మేనేజరు పిలిచాడు. ఈసారి కూడా తలుపు వేశాడు. "షీటు తప్పని నువ్వంటే ముగ్గురు డ్రైవర్ల షీట్లూ తప్పే. ఇన్నాళ్ళ ట్రిప్పులన్నీ తవ్వుతారు. ఎంతమంది దిగారో, ఎవరు ఎక్కడ పోయారో. నువ్వు అవతలివాళ్ళ మనిషివని పేపర్లో రాస్తారు. ఆలోచించుకో" అన్నాడు.

ఆయన పెద్దగా అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు.

14వ తేదీ, శుక్రవారం

మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనబడటం లేదు. ట్రిప్పులు రద్దు. పదకొండు గంటలకి సైరను మోగింది, నలభై నిమిషాలు. మెట్ల కింద ముగ్గురం కూర్చున్నాం. పిల్ల నా చొక్కా గుండీ పట్టుకుంది. సైరను ఆగాక కూడా వదల్లేదు. నేనూ కదలలేదు.

ఫోనుకి ఎవరి నంబరు నుంచో సందేశం వచ్చింది: మీ ఇల్లు మాకు తెలుసు. ఊరందరికీ అదే వచ్చిందట, అవతలివాళ్ళ పనే అంటున్నారు. ఊరందరికీ వచ్చిందని తెలిసేదాకా నేను ఎలా ఉన్నానో ఇక్కడ రాయను.

15వ తేదీ, శనివారం

ఇంకా మంచే. ట్రిప్పులు లేవు.

మా ఆవిడ దారి కనిపెట్టింది. పెళ్ళై వెళ్ళిన మా అమ్మాయి ఉండే ఊరు ఇక్కడికి రోజు ప్రయాణం. చిట్టిని అక్కడికి చేరిస్తే, మా మనవరాలని చెప్పుకోవచ్చు. పెద్ద ఊరు, ఎవరూ అడగరు. బడిలో వేస్తుందట. సోమవారం నేను కోర్టులో షీటులో ఉన్నదే చెప్తాను. మంగళవారం మా ఆవిడా చిట్టీ బయల్దేరతారు.

"ఆ తల్లో?" అన్నాను.

మా ఆవిడ చాలాసేపు సూదిలో దారం ఎక్కించింది. "మనం పుట్టించామా ఈ గొడవంతా? మన చేతిలో ఉన్నది ఒక్క పిల్ల. దాన్నైనా చల్లగా చూసుకుందాం" అంది.

నిజమే అనిపించింది. వారం రోజుల తరవాత ఇవాళ కడుపునిండా తిన్నాను. పిల్లని భుజాల మీద ఎక్కించుకుని గదిలో బస్సు నడిపాను. మలుపుల్లో హారను కొడితే నవ్వింది. మొదటిసారి నవ్వడం. మంచి రోజు.

16వ తేదీ, ఆదివారం

ఇరవై రెండు మందీ దిగారు సార్. ఇరవై రెండు మందీ దిగారు. అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. తడబడటం లేదు.

17వ తేదీ, సోమవారం

చిన్న గది. జడ్జిగారికి జలుబు. బల్ల మీద నా షీటు. ఎంత చిన్న కాగితం అది!

సర్కారు వకీలు అడిగాడు, ఈ సంతకం మీదేనా అని. నాదే అన్నాను. మేనేజరు వెనక బెంచీలో కూర్చుని నా వీపునే చూస్తున్నాడు.

తరవాత లాయరమ్మ లేచింది. పిల్ల ఊసే ఎత్తలేదు. "మీరు సిటీ బస్సు ఎన్నేళ్ళు నడిపారు?" అంది. ఇరవై ఆరు అన్నాను.

"బస్సు పక్కన రేకు మీద ఎవరైనా అరచేత్తో కొడితే ఏం చేస్తారు?"

"ఆపేస్తామమ్మా. ఎవరో దిగలేదనో, ఎవరి కాలో చిక్కుకుందనో అర్థం."

"ఏడో తేదీన, తలుపు మూశాక, ఆవిడ మీ బస్సుని కొట్టానంటోంది. రెండు చేతులతో కొట్టిందట. కొట్టిందా?"

ఇరవై రెండు మందీ దిగారు సార్ అన్న మాట నాలుక మీదే ఉంది. కానీ ఆమె అది అడగలేదు. నా పని గురించి అడిగింది. ఆ ఒక్క విషయంలో నాకు అబద్ధం అలవాటు లేదు.

"కొట్టింది. వినపడింది. బండి ఆపలేదు" అన్నాను.

ఆ తరవాత మిగతాదంతా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. పిల్ల మా ఇంట్లో ఉందన్నాను. షీట్లు ఎలా నింపుతామో చెప్పాను. ఆమె పిలిచిన పేరు కూడా మొదటి రోజే స్పష్టంగా వినపడింది, ఇంట్లో చెప్పలేదన్నాను. పిలిస్తే పిల్ల పలుకుతుందని భయపడ్డానన్నాను.

రేపు నాచేత తల్లిని గుర్తింపజేసి, పిల్లని అప్పగించి, ఇద్దరినీ లోపలికి తీసుకోమని ఆర్డరు. నన్ను సస్పెండ్ చేశారు. కేసు కూడా పెడతారట. మేనేజరు నా పక్క నుంచి గోడని చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

మా ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. గౌను ఇస్త్రీ చేసింది. నాతో మాట్లాడలేదు.

18వ తేదీ, మంగళవారం

మంచు విడిపోయింది. నా బస్సే, వేరే డ్రైవరు. నేను పిల్లతో ప్రయాణికుల సీట్లో కూర్చున్నాను. లాయరమ్మ ముందు సీట్లో కూర్చుంది.

కంచె దగ్గరికి చేరకముందే ఆ పేరు వినపడింది. బండి ఆగీ ఆగకముందే పిల్ల నా ఒళ్ళోంచి దూకింది. పదకొండు రోజులుగా పలకని పిల్ల ఏదో అరుస్తూ పరుగెత్తి, తీగ దగ్గర నిలబడిపోయింది. అవతల ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని, తీగ సందులోంచి వేళ్ళు చాపి పిలుస్తోంది.

పొట్టి మనిషి. నా భుజం దాకా కూడా రాదు.

ఆమె వెనక పట్టీ అంతా చూశాను. పది పన్నెండు మంది ఉన్నారు. ఎత్తుగా ఎవరూ లేరు.

ఆఫీసరు కాగితం తీశాడు. "ఈమేనా? మీరు చూశారు కదా, ఎక్కేటప్పుడు."

బావమరిది గుడారం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒంటి కన్నుతో ఆమెని చూశాడు, నన్ను చూశాడు. "బావా..." అని ఆగిపోయాడు. పిల్ల అప్పటికే ఆమె వేలు పట్టుకుని ఉంది. నేను కాదంటే ఆమె పట్టీలోనే ఉంటుంది. తల్లి లేదని పిల్లని ఏం చేస్తారో ఆర్డరులో లేదు. పిల్ల అవతలికి కూడా పోవచ్చు.

"ఈమే" అన్నాను. నా భయానికి ఆ మాట పెద్దగా వచ్చింది.

గేటు తీశారు.

తిరుగు ప్రయాణంలో ఆమె నా వెనక సీట్లో కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్ళో నిద్రపోయింది. ఇది ఆమెకి మూడోసారట కంచె దాటడం. మన మాటలు ఓ పదో పాతికో నేర్చుకుంది. లాయరమ్మకి వినపడకుండా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది.

"తల్లి లేదు. శనివారం. పొగమంచు. వాళ్ళ లారీ వచ్చింది. కొందరు పోయారు. తల్లి పోయింది."

ఎక్కడికి అన్నాను. చెయ్యి గాల్లో కంచె అవతలి వైపు ఊపింది.

"పోయే ముందు పాప పేరు నాకు చెప్పింది. పిలువు, పిలుస్తూ ఉండు, ఆపకు అంది. డ్రైవర్‌కి తెలుసు అంది. డ్రైవర్ తెస్తాడు అంది."

శనివారం పేజీ వెనక్కి తిప్పలేదు. అందులో ఏం రాశానో గుర్తుంది.

వాళ్ళిద్దరినీ లాయరమ్మ ఆశ్రయానికి తీసుకెళ్ళింది. నేను నడిచి ఇంటికొచ్చాను. మిషను ఆగి ఉంది. మా ఆవిడ తలుపు దగ్గరే కూర్చుని ఉంది. నిన్నటి నుంచి మొదటిసారి మాట్లాడింది.

"వాళ్ళమ్మ దొరికిందాండీ?"

దొరికిందన్నాను.